కొత్త పికప్‌కి ఎక్కడిదో తెలియని సొట్ట: ముందు చదవండి, తర్వాత కొట్టించండి

కొత్త పికప్ మీద ఎక్కడిదో తెలియని సొట్ట కనపడగానే మామూలుగా జరిగేవి రెండు. ఓనరు డ్రైవర్ని పిలిచి నలుగురిలో నిలదీస్తాడు. లేదా ఓనరు కంట పడకముందే డ్రైవరు తెలిసిన షెడ్డుకి తోలి, నాలుగు సుత్తి దెబ్బలు వేయించి, పైన తెల్ల పెయింటు కొట్టించేస్తాడు. మొదటి దాంతో నిజం బయటికి రాదు, రెండో దాంతో సాక్ష్యం మాయమవుతుంది. బండి కొత్తదైతే నష్టం ఇంకా ఎక్కువ. షోరూము బాధ్యత, కంపెనీ వారంటీ, ఇన్సూరెన్స్ మూడూ అప్పుడు బతికే ఉంటాయి. వాటిలో ఏది పనికొస్తుందో తేలాలంటే దెబ్బ ఎలా తగిలిందో ముందు తేలాలి. అది చాలావరకు రేకు మీదే రాసి ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా బొలెరో పికప్, ఇంట్రా, యోధా, దోస్త్ లాంటి బండ్ల గురించి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కావలి, అల్లూరు వైపు రొయ్యల ట్రేలు, పొదలకూరు నిమ్మకాయ బస్తాలు, ఒంగోలు పొగాకు బేళ్లు, చీమకుర్తి రాయి మోసే బండ్లన్నమాట.

చెయ్యి పెట్టకముందు

బండి కడగొద్దు. దెబ్బ చుట్టూ ఉన్న దుమ్ము, అంటుకున్న పరాయి రంగు, చిన్న అద్దం పెంకు, రబ్బరు మసి అన్నీ సాక్ష్యాలే. బండి రాత్రంతా నిలిపిన చోటే ఉంటే దాన్ని కదపకుండా కింద నేల చూడండి. రేకుకి గట్టి దెబ్బ తగిలితే మడ్‌గార్డు లోపల ఎండి పట్టుకుని ఉన్న మట్టి పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఆ మట్టి దెబ్బకి సరిగ్గా కింద పడి ఉంటే దెబ్బ అక్కడే తగిలినట్టు. కింద శుభ్రంగా ఉండి, లోపల మాత్రం మట్టి రాలిన కొత్త ఖాళీ కనపడితే ఎక్కడో తగిలించుకుని వచ్చి ఇక్కడ నిలిపినట్టు.

ఫోటోలు మూడు దూరాల్లో తీయండి. మొదట నంబరు ప్లేటు పడేలా నాలుగు మూలల నుంచి బండి మొత్తం. తర్వాత పది అడుగుల నుంచి దెబ్బ తగిలిన పక్క. ఆపైన అడుగు దూరం నుంచి దెబ్బ ఒక్కటే, పక్కన కొలత టేపుని నేల మీద నుంచి నిలువుగా నిలబెట్టి. మీటరు బోర్డులో కిలోమీటర్లు కనపడే ఫోటో ఒకటి. నడినెత్తిన ఎండలో తెల్ల బండి మీద సొట్ట ఫోటోలో కనపడదు, అందుకని పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండ ఉన్నప్పుడు తీయాలి. ఎవరికైనా పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే నాణ్యత తగ్గడమే కాదు, తీసిన తేదీ, సమయం వివరాలు కూడా పోతాయి.

ఇదంతా అయ్యాక కడగండి. ఆరిన రేకు దగ్గర ఒక గళ్ల లుంగీ పరిచి పట్టుకుని, దాని నీడ పెయింటులో ఎలా పడుతోందో పక్క నుంచి చూడండి. గళ్లు ఎక్కడ వంకర తిరిగాయో అక్కడిదాకా రేకు కదిలింది. కంటికి అరచేయంత కనపడే సొట్ట, లుంగీ పెట్టి చూస్తే డోరులో సగం దాకా పాకి ఉండటం మామూలే. టింకరు చెప్పే ఖర్చు ఆ రెండో కొలత మీద ఆధారపడుతుంది, అందుకే ముందే తెలుసుకోవడం మంచిది.

ఎత్తు, దిశ, రంగు

ముందు ఎత్తు. నేల నుంచి 90, 105 సెంటీమీటర్ల మధ్య సన్నటి గుంట, చుట్టూ నల్లటి మసి ఉంటే అది బైకు హ్యాండిల్ చివర. 40, 60 మధ్య వెడల్పుగా, లోతు లేకుండా, పరాయి రంగు అంటుకుని ఉంటే కారు బంపరు. అంతకంటే కింద అయితే బైకు ఫుట్‌రెస్టు, డివైడరు అంచు, కల్వర్టు గోడ, రాయి. మీటరు ఎత్తున మూలగా చీలి, అంచుల్లో తుప్పు పొడి రాలి ఉంటే ట్రాక్టరు ట్రక్కు మూల. బానెట్టు మీదో క్యాబిన్ పైనో గిన్నెలా గుండ్రంగా, నడిమధ్య ఎక్కువ లోతుగా, పెయింటు చెదరకుండా ఉంటే కొబ్బరికాయ పడినట్టే. ఊళ్లో ఎవరి మీదా అనుమానం పెట్టుకోవద్దు, చెట్టు కింద నిలపడం మానండి.

ఎత్తు కొలిచేటప్పుడు ఒక సంగతి గుర్తుండాలి. లోడు వేస్తే స్ప్రింగు పట్టీలు కుంగి బండి కొన్ని సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, వెనక భాగం మరీ ఎక్కువ. ఖాళీ బండి మీద 70 దగ్గర కనపడే కారు బంపరు గుర్తు, లోడుతో ఉన్నప్పుడు తగిలి ఉంటే సరిపోతుంది. అంటే దెబ్బ లోడు బండికా ఖాళీ బండికా అన్నది కూడా తేలుతుంది. దాంతో ట్రిప్పులో పోయేటప్పుడా వచ్చేటప్పుడా అన్నదీ తేలిపోతుంది.

గీత అయితే దాని నడక చూడండి. నేలకి సమానంగా, ఒకే ఎత్తులో, చాలా దూరం సాగితే కదులుతున్న మీ బండే గోడనో గేటునో బ్యారికేడునో రాసుకుంది. గీత మొదలు సన్నగా ఉండి, ఒరిసిన పెయింటు పొడి, పెచ్చులు పోగుపడిన వైపు చివర అవుతుంది. పొడి బండి వెనక వైపు పోగుపడితే మీ బండి ముందుకి పోతూ రాసుకున్నట్టు, లేదా ఎవరో ముందు నుంచి వెనక్కి రాసుకుంటూ పోయినట్టు. ముందు వైపు పోగుపడితే మీ బండి రివర్సులో ఉన్నట్టు, కాకపోతే వెనక నుంచి వచ్చిన బండి ఓవర్‌టేక్ చేస్తూ గీరినట్టు. పైకీ కిందికీ అలలా తిరిగిన సన్న గీత బండి పని కాదు, తాళంచెవి పట్టుకున్న చెయ్యి పని. పై నుంచి కిందికి నిలువు గీతలు దాదాపు ఎప్పుడూ లోడు దించడంలోనో తాడు లాగడంలోనో వస్తాయి.

ఇక రంగు. దెబ్బలో పరాయి రంగు ఉంటే అందులో కొంచెం గోటితో గీరి తెల్ల కాగితంలో మడిచి, తేదీ రాసి పెట్టుకోండి. అవతలి బండి దొరికినప్పుడు మాటలకంటే ఈ కాగితం బలంగా మాట్లాడుతుంది. తర్వాత మెత్తటి గుడ్డ మీద కాస్త రబ్బింగ్ కాంపౌండ్ వేసి నెమ్మదిగా రుద్దండి. పరాయి రంగు పోయి కింద మీ పెయింటు నిగనిగలాడితే దానికి పెయింటింగ్ అక్కర్లేదు. పెద్ద గీతలా భయపెట్టినవి చాలావరకు ఇలా పది నిమిషాల్లో పోతాయి. థిన్నరు మాత్రం వాడొద్దు, కొత్త పెయింటు మెరుపు చస్తుంది.

గోరు అడ్డంగా లాగి చూడండి. తగలకపోతే పై పొర గీత, పాలిష్‌తో పోతుంది. గోరు పట్టుకుంటే లోతు. లోపల బూడిద రంగు కనపడితే ప్రైమరు దాకా, మెరిసే లోహం కనపడితే రేకు దాకా పోయింది. ఆ లోహం రంగే వయసు చెబుతుంది. సముద్రం గాలి తగిలే మన దగ్గర నగ్నంగా ఉన్న రేకు ఒక్క రాత్రికే నారింజ పొడి పడుతుంది. వెండిలా మెరుస్తుంటే కొద్ది గంటల నాటిది. నారింజ రంగు గుడ్డతో తుడిస్తే పోతుంటే రెండు మూడు రోజుల్లోది. ముదురు గోధుమ రంగుకి తిరిగి, పెయింటు అంచు కింద తుప్పు పాకి పొంగుతుంటే వారాల నాటిది. అప్పుడు నిన్నటి డ్రైవర్ని అడిగి లాభం లేదు. ఉదయగిరి, కనిగిరి లాంటి మెట్ట ప్రాంతాల్లో తిరిగే బండికి ఇవే మార్పులు నిదానంగా వస్తాయి.

బయటివాడి పని కాని దెబ్బలు

ముందుగా ఒక్కటి చూడండి: రెండు పక్కలా ఒకే చోట, ఒకే ఎత్తులో గుర్తు ఉందా? ఉంటే బయటివాడి పని కాదు. తొట్టి పక్క డోర్లు కొక్కెం తీసి ధడాలున వదిలేస్తే అవి వెనక మడ్‌గార్డునీ టెయిల్ లైటునీ కొడతాయి. గొళ్లెం ఆకారంలోనే అక్కడ అచ్చు పడుతుంది. డోరు దించి ఆ గుర్తుకి ఆనించి చూస్తే ఒకదానిలో ఒకటి ఇమిడిపోతుంది. డోరు అంచుకి పాత ట్యూబు ముక్క చుట్టి, దించేటప్పుడు చేత్తో పట్టి దించమని హమాలీలకి చెబితే ఆ జబ్బు పోతుంది.

తొట్టి రేకు బయటికి ఉబ్బితే లోపలి లోడే తోసింది. క్యాబిన్ వెనక రేకు లోపలికి నొక్కుకుపోయి ఉంటే బ్రేకు వేసినప్పుడు లోడు ముందుకి జారింది. రాయి, ఇనుము, పైపులు తోలేవాళ్లకి ఇది ఖాయం. లోడుకీ క్యాబిన్ వైపు గోడకీ మధ్య అడ్డంగా కొయ్య దుంగ వేసి కట్టకపోతే ఆ రేకు ఎన్నిసార్లు సరిచేయించినా మళ్లీ నొక్కుకుపోతుంది. తాడు కట్టే కొక్కేల చుట్టూ పెయింటు వలయంలా పగిలితే తాడు అతిగా బిగించారు. వెనక డోరు కింది అంచు వంగితే లోడు దించే పలకో ఫోర్క్‌లిఫ్టో తగిలింది.

సొట్టే లేకుండా తొట్టి మూలల్లో వెల్డింగ్ దగ్గర సన్న పగులు వస్తే అది వేరే కథ. తయారీ లోపం కావచ్చు, ఓవర్‌లోడు కావచ్చు. కంపెనీవాళ్లు ముందు అడిగేది లోడు గురించే. ఆర్సీలో రాసిన బరువుకి లోబడి తోలినట్టు కాటా చీటీలు మీ దగ్గరుంటే వారంటీలో వాదించడానికి చోటుంటుంది. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందులో పెయింటు ఒరుసుకుని మెరుస్తుంటే తొట్టిని ఛాసిస్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు వదులయ్యాయి. మొదటి సర్వీసులో ఆ బోల్టులు బిగించమని జాబ్ కార్డులో రాయించండి. నోటిమాటగా చెప్పింది లెక్కలోకి రాదు.

తెల్ల పెయింటు మీద ఆవగింజంత నారింజ చుక్కలు వందలకొద్దీ కనపడితే కంగారుపడి షోరూము మీదకి పోకండి. గ్రిల్లో, తొట్టి ఎత్తు పెంచే ఫ్రేమో వెల్డింగ్ చేయించినప్పుడు గ్రైండరు నుంచి ఎగిరిన ఇనుప రజను పెయింటు మీద అతుక్కుని తుప్పు పట్టింది. రాయి కోసే ఫ్యాక్టరీల దగ్గరా, రైల్వే గూడ్స్ షెడ్ల దగ్గరా రోజూ నిలిపే బండికీ ఇదే వస్తుంది. కార్ల సామాన్ల షాపులో ఐరన్ రిమూవర్ దొరుకుతుంది. నీడలో, చల్లటి రేకు మీద కొట్టి, అది ఎండిపోకముందే కడిగి, మిగిలిన చుక్కల్ని క్లే బార్‌ (పెయింటు మీద అతుక్కున్నదాన్ని లాగే బంకమట్టి లాంటి ముద్ద)తో సబ్బునీళ్లు తడుపుతూ తీయాలి. గట్టిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దారో చుక్కలతోపాటు పెయింటూ పోతుంది. ఈసారి వెల్డింగ్ చేయించేటప్పుడు క్యాబిన్‌కి, అద్దాలకి తడి గోనెపట్టాలు కప్పించి, బ్యాటరీ నెగెటివ్ తీయించండి. బీఎస్6 బండ్లలో ఎలక్ట్రానిక్ సామాను ఖరీదైనది.

రొయ్యల బండ్లకి వచ్చే తుప్పుని కూడా చాలామంది దెబ్బ అనుకుంటారు. ఐసు కరిగిన ఉప్పునీరు తొట్టి నేలలో అతుకుల గుండా దిగి, అడుగున ఎక్కడ నిలుస్తుందో అక్కడ పెయింటు బుడగలు లేస్తుంది. సాయంత్రానికల్లా మంచినీళ్లతో కడగాలి. ఇక్కడ ఒక చిక్కుంది. తీరం వెంబడి రొయ్యల గుంటల దగ్గరి బోరునీళ్లే ఉప్పు. వాటితో కడిగి ఎండలో పెడితే ఉప్పు పొర కొత్తగా పూసినట్టే. నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్న నీళ్లు బండికి వద్దు. తొట్టిలో నీళ్లు పోయే రంధ్రాలు రొయ్య పెంకులతో పూడకుండా ఇనుప చువ్వతో పొడుస్తుండాలి. పెయింటు గీరుకుపోయేలా కాదు. యూరియా, పొటాష్ తోలిన రోజూ ఇంతే.

ఫ్యాక్టరీ పెయింటా, తర్వాత పూసిందా

కొన్నిసార్లు సొట్ట ఉండదు. ఆరు నెలలకే ఒక మడ్‌గార్డు రంగు మిగతా బండితో కలవదు, లేదా పెయింటు పొరలుగా ఊడుతుంది. అది డెలివరీకి ముందే, కంపెనీ నుంచి వచ్చే దారిలోనో స్టాక్‌యార్డులోనో దెబ్బ తిని షోరూములో పూసిన బండి కావచ్చు. తేల్చుకోవడానికి పెయింటు మందం కొలిచే గేజి కావాలి. పాత కార్లు అమ్మేవాళ్ల దగ్గరా, పెద్ద పెయింటు షాపుల్లోనూ ఉంటుంది. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు. మళ్లీ పూస్తే 200 దాటుతుంది. కింద పుట్టీ ఉంటే 500, వెయ్యి, ఇంకా పైకి పోతుంది. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకండి. రెండు డోర్లనీ, రెండు మడ్‌గార్డులనీ ఐదారు చోట్ల కొలిచి జంటలుగా పోల్చండి. ప్లాస్టిక్ బంపరు మీద ఈ గేజి పలకదు.

గేజి లేకపోతే కళ్లే. మడ్‌గార్డు బోల్టుల మీద, బానెట్టు, డోరు కీళ్ల బోల్టుల మీద పెయింటు చెక్కుచెదరకుండా ఉండాలి. స్పానరు పట్టిన గుర్తు ఉంటే ఆ భాగం ఒకసారి ఊడింది. రబ్బరు బీడింగు ఎత్తి చూస్తే కింద టేపు వేసిన గీత, రబ్బరు మీద పెయింటు తుంపర కనపడతాయి. డోరు లోపలి అంచున ఉండే సీలెంటు ఒక పక్క సాఫీగా, ఇంకో పక్క చేత్తో పూసినట్టు ఉంటే అదీ గుర్తే.

అలా తేలితే షోరూముకి ఫోను చేయడం కాదు, ఫోటోలు, గేజి అంకెలతో ఈమెయిల్ పెట్టండి. కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా కాపీ పెట్టి, డెలివరీకి ముందు చేసిన తనిఖీ షీటు కాపీ అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ తర్వాత నెల్లూరులోనో ఒంగోలులోనో జిల్లా వినియోగదారుల కమిషన్. కారణం పుట్టిన రెండేళ్లలోపు వెయ్యాలి. పసుపు బోర్డు బండి కాబట్టి వ్యాపారం కోసం కొన్నారని అవతలివాళ్లు అభ్యంతరం పెడతారు. సొంతంగా నడుపుకుంటూ దాని మీదే బతికేవాళ్లకి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది, ఫిర్యాదులో ఆ మాట మొదటి పేరాలోనే రాయండి.

సర్వీసుకి ఇచ్చినప్పుడు తగిలే దెబ్బలకి మందు ఒకటే. ఇచ్చే ముందు బండి చుట్టూ వీడియో, జాబ్ కార్డులో బండి బొమ్మ మీద పాత గీతలన్నీ గుర్తు పెట్టించడం, తిరిగి తీసుకునేటప్పుడు గేట్ పాస్ మీద సంతకానికి ముందే చుట్టూ తిరిగి చూడటం. గేటు దాటాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

ఏ రోజు, ఏ వేళ

దెబ్బ లేనట్టు చూపించే చివరి ఫోటో వెతకండి. లోడు ఎక్కించాక డ్రైవరు పంపే ఫోటోలో, కాటా దగ్గర తీసిన దాంట్లో బండి పక్క భాగం పడి ఉంటుంది. అక్కడి నుంచి దెబ్బ కనపడిన క్షణం దాకా ఉన్న వ్యవధిని ఫాస్టాగ్ స్టేట్‌మెంటుతో ముక్కలు చేయండి. వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు టోల్ గేట్లు దాటిన సమయాలు నిమిషాలతో సహా ఉంటాయి. రెండు గేట్ల మధ్య మామూలుగా పట్టే సమయంకంటే గంట ఎక్కువ పట్టిందంటే మధ్యలో ఎక్కడో ఆగారు. కొన్ని బండ్లలో కంపెనీ ట్రాకింగే ఉంటుంది. బొలెరో మ్యాక్స్ పికప్‌లో ఐమ్యాక్స్, టాటా బండ్లలో ఫ్లీట్ ఎడ్జ్. అందులో ఆగిన చోటు కూడా దొరుకుతుంది.

ఆగిన చోటు తెలిశాక పెట్రోలు బంకు, ఐసు ఫ్యాక్టరీ, కాటా, దాబా కెమెరాలు. కెమెరా రికార్డు దాచే డీవీఆర్ పెట్టె నిండగానే పాత రికార్డు చెరిగిపోతుంది కాబట్టి ఆ రోజే పోవాలి. రాత్రంతా రికార్డు చూపించమంటే ఎవరూ చూపించరు. "పన్నెండు, ఒంటిగంట మధ్య చూపించన్నా" అంటే చూపిస్తారు.

డ్రైవరుతో మాట ఇదంతా చేతిలో పెట్టుకున్నాకే. "ఎక్కడ గుద్దావురా?" అని మొదలుపెడితే "నాకు తెలవదు సార్" తప్ప ఇంకేం రాదు. "అబ్బయ్యా, నిన్న ఐసు ఫ్యాక్టరీలో ఏ పక్కన పెట్టావ్ బండి? పక్కన ఇంకేం బండ్లున్నాయి?" అని అడగండి. జీతంలో కోస్తానని బెదిరిస్తే ఈసారి దెబ్బ దాస్తాడు. దాచిన దెబ్బ వానాకాలంలో తుప్పై నాలుగింతల ఖర్చు పెట్టిస్తుంది. చెప్పినవాడికి కోత లేదు, దాచినవాడికే కోత అన్న కట్టుబాటు పెట్టుకున్న ఓనర్లకి ఈ గొడవ తక్కువ.

దెబ్బ ఛాసిస్ దాకా పోయిందా

పికప్‌కి క్యాబిన్, తొట్టి రెండూ నిచ్చెన లాంటి ఛాసిస్ మీద విడివిడిగా కూర్చుంటాయి. కాబట్టి వాటి మధ్య సందే అన్నిటికంటే తేలికైన పరీక్ష. సమతలంగా ఉన్న నేల మీద, ఖాళీ బండితో, ఆ సందుని కుడి ఎడమల్లో పైనా కిందా కొలవండి. కుడికీ ఎడమకీ తేడా బాగా కనపడితే తొట్టి జరిగిందా, క్యాబిన్ మౌంటు పోయిందా, ఛాసిస్సే వంగిందా అన్నది తేల్చాలి. డోర్లు ఎత్తి వేయాల్సి రావడం, స్టీరింగు ఒక పక్కకి లాగడం, టైరు ఒక అంచే అరగడం, ఛాసిస్ పట్టాల మీద పెయింటు ముడతలు పడటం, వీటిలో ఏది ఉన్నా లోడు ఆపి కంపెనీ వర్క్‌షాపులో ఛాసిస్ మూలమట్టం కొలిపించండి. రోడ్డు పక్క షెడ్డులో ఛాసిస్ పట్టాని గ్యాసుతో కాల్చి సరిచేయనివ్వద్దు. కాల్చిన చోట ఉక్కు బలం తగ్గి తర్వాత అక్కడే విరుగుతుంది.

ఇన్సూరెన్స్‌కి పోవాలా, జేబులోంచి పెట్టాలా

పాలసీ తీసి ఐఎమ్‌టీ 23 అన్న మాట ఉందేమో ముందు వెతకండి. గూడ్స్ బండ్ల పాలసీలో లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బానెట్టు, సైడు భాగాలు, బంపర్లు, పెయింటు మామూలుగా కవర్ కావు. బండి మొత్తంగా పోతే తప్ప వాటికి పైసా రాదు. ఓడీ ప్రీమియం (సొంత బండి నష్టానికి కట్టేది) మీద 15 శాతం అదనంగా కట్టి ఐఎమ్‌టీ 23 చేర్చుకుంటేనే ఇస్తారు, అప్పుడూ సర్వేయరు లెక్కకట్టిన దాంట్లో సగం మీరే భరించాలి. సొట్టలు పడేవన్నీ ఈ భాగాలకే కాబట్టి, ఫుల్ ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వైట్ బోర్డు మీద తిరిగే ఇసుజు వీ క్రాస్ లాంటి సొంత పికప్‌లకి కారు పాలసీ కాబట్టి ఈ బాధ లేదు.

తర్వాత తరుగు. లోహపు భాగాలకి ఆరు నెలల లోపు కోత లేదు, ఏడాది దాకా 5 శాతం, రెండేళ్ల దాకా 10. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి మొదటి రోజు నుంచే 50. అద్దాలకి కోత లేదు. పెయింటింగ్ బిల్లులో పావు వంతుని సరుకుగా లెక్కేసి అందులో సగం కోస్తారు. ఉదాహరణకి ఎనిమిది నెలల బండికి 12,000 డోరు, 6,000 ప్లాస్టిక్ బంపరు, 8,000 పెయింటింగ్ అయితే వరసగా 600, 3,000, 1,000 పోయి 26,000లో 21,400 మిగులుతుంది. పాలసీలో రాసిన తప్పనిసరి కోత, ఐఎమ్‌టీ 23 సగం ఇంకా దీనిలోంచి పోతాయి. పైగా వచ్చే ఏడాది రావాల్సిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఈ లెక్క కాగితం మీద వేసుకుంటే చిన్న సొట్టకి క్లెయిమ్ దండగని చాలాసార్లు మీకే తెలిసిపోతుంది. ఛాసిస్, క్యాబిన్ స్ట్రక్చరు, రేడియేటరు దాకా పోయిన దెబ్బలకే క్లెయిమ్.

వేస్తే మాత్రం బండి విప్పకముందే ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపండి. ఆర్సీ, లైసెన్సు, పర్మిట్, ఎఫ్‌సీ, ఆ రోజు లోడు చలానా సిద్ధంగా పెట్టుకోండి. ఎవరు గుద్దారో తెలియకపోతే తెలియదనే రాయండి. "ఫలానా చోట నిలిపి ఉండగా గుర్తు తెలియని వాహనం తగిలినట్టు గుర్తులను బట్టి తెలుస్తోంది" అన్నది నిజమైతే అది చాలు. ఆవు అడ్డొచ్చిందని కథ కట్టి, సొట్ట వెనక వైపు ఉంటే సర్వేయరుకి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. తప్పుడు సమాచారం అన్న ఒక్క కారణంతో మొత్తం క్లెయిమ్ తోసేస్తారు. పాత సొట్టనీ కొత్త సొట్టనీ ఒకే క్లెయిమ్‌లో కలపకండి, ఏ సంఘటనకి ఆ క్లెయిమే. అవతలి బండివాడు దొరికి పెద్దమనుషుల దగ్గర డబ్బు ఇచ్చాడంటే అదే దెబ్బకి క్లెయిమ్ వేయకూడదు. మనిషికి దెబ్బ తగిలి ఉంటే రాజీ మాటలు పక్కన పెట్టి ముందు పోలీసు స్టేషన్.

క్లెయిమ్ అన్యాయంగా కోశారనిపిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా, తర్వాత బీమా భరోసా పోర్టల్ లేదా 155255. ఆపైన హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, దానికి ఫీజు లేదు.

షెడ్డులో చూసుకోవాల్సినవి

పెయింటు చెదరని సొట్టని పుట్టీ పెట్టకుండా లోపలి నుంచి కడ్డీలతో నెట్టి తీసే పనివాళ్లు ఉన్నారు. బానెట్టు, డోరు నడిమధ్య సొట్టలకి అదే మేలు, ఫ్యాక్టరీ పెయింటు మిగులుతుంది. అంచుల మీద, గీత దేరిన మడతల మీద పడిన సొట్టకి మాత్రం అది సరిగా రాదు. టింకరింగ్ అయితే వారంటీ పుస్తకంలో తుప్పు వారంటీ షరతులు చదివాకే బయట చేయించండి.

పుట్టీ 2, 3 మిల్లీమీటర్లకి మించకూడదు. రేకుని పైకి తేలేకపోయిన పనివాడే మందంగా పెడతాడు. పికప్ తొట్టి గతుకుల్లో ఊగే వస్తువు కాబట్టి మందపు పుట్టీ ఆరు నెలల్లో పగులుతుంది. ఒప్పుకునే ముందే, పుట్టీ పెట్టకముందు రేకు ఫోటో పంపమని చెప్పండి. తుప్పు, పాత పెయింటు తీసేసిన రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమరు పడాలి. పుట్టీ గట్టిపడటానికి కలిపే హార్డెనరు పుట్టీ బరువులో రెండు శాతం చుట్టుపక్కల. తొందరగా ఆరాలని ఎక్కువ కలిపితే తర్వాత పెయింటు మీద మరకలు తేలతాయి. ఉప్పుకాగితం 80తో మొదలై 180, 320 మీదుగా సర్ఫేసరు (పెయింటుకి ముందు నునుపు కోసం కొట్టే పూత) తర్వాత 600, 800కి రావాలి. మధ్య మెట్లు దాటేస్తే నెలకి గీతలు పైకి తేలతాయి.

పుట్టీ, సర్ఫేసరు రెండూ స్పాంజిలా తేమ పీలుస్తాయి. అందుకే సర్ఫేసరు కొట్టి "వచ్చే సోమవారం పెయింటు వేస్తా"నని బండి తిప్పుకోమనడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ నాలుగు రోజుల్లో పట్టిన తేమ పెయింటు కింద బుడగై తేలుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వాన. ఆ నెలల్లో మూసి ఉండే పెయింటు గది లేని షెడ్డులో పెయింటు కొట్టిస్తే పాల మీగడలా తెల్లటి మసక తేలుతుంది. అత్యవసరం కాకపోతే దెబ్బకి ఎపాక్సీ ప్రైమరు మాత్రం పూయించి సంక్రాంతి దాకా ఆగండి. ఎపాక్సీ తేమని ఆపుతుంది, సర్ఫేసరులా కాదు.

రంగు కోసం తెలుపు అని చెప్తే చాలదు, ఒక్కో కంపెనీకి నాలుగైదు తెలుపులుంటాయి. డోరు పిల్లరు మీదో ఇంజను గదిలోనో ఉండే ప్లేటు మీద కోడు చూసి కలపాలి. కలిపింది ముందు ఒక రేకు ముక్క మీద కొట్టించి, ఎండలో బండి పక్కన పెట్టి చూడండి. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో పసుపు కొడుతుంది. ప్లాస్టిక్ బంపరుకి ప్లాస్టిక్ ప్రైమరు వేయకపోతే మొదటి ప్రెషర్ వాష్‌కే పొరలు లేస్తాయి.

వెల్డింగ్ చేసిన చోట, కొట్టి పైకి తెచ్చిన చోట లోపలి వైపు మర్చిపోతారు. అక్కడ ఫ్యాక్టరీ పొర కాలిపోయో పగిలిపోయో ఉంటుంది. డోరు ట్రిమ్ బిగించేలోపు లోపల ప్రైమరు పూసి, ఆపైన తుప్పు నిరోధక మైనం కొట్టించండి. బండి తీసుకునేటప్పుడు పగటి వెలుతురులో, కడిగి ఆరిన తర్వాత, గళ్ల లుంగీతో మళ్లీ చూడండి. అయస్కాంతానికి సన్నటి గుడ్డ చుట్టి ఆ భాగం మీద జరపండి. పట్టు సడలిన చోట పుట్టీ మందం. కొత్త పెయింటు మీద నెల దాకా వ్యాక్స్ వద్దు. ఆ నెలంతా పట్టా తాడు దాని మీదుగా పోకుండా కొక్కెం మార్చి కట్టించండి.